ఒకవైపే తిరిగే రింగు

"మనిషి పోయినా వాచీ మాత్రం ఆగలేదు చూశారా! అదీ దీని గొప్పతనం," అన్నాడు కెప్టెన్.

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఎదురుగా కూర్చున్నది పోయినవాడి అక్క అన్న సంగతి అప్పటికి గుర్తొచ్చింది.

జలగ కళ్లార్పకుండా ఆయన్నే చూసింది. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమెను వెనకాల అందరూ అలాగే పిలిచేవాళ్లు, పట్టుకుంటే వదలదని. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాక మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు. ఆమె ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. ఈ ఒక్క కేసులో మాత్రం ఆ పేరు తనకు చాలదనుకుంటోంది. జలగ కడుపు నిండగానే దానంతటది రాలిపోతుంది. ఆమెకు అంతటితో సరిపోదు.

నెల క్రితం ఆమె తమ్ముడు పంప్‌హౌస్ బావిలో చచ్చిపోయాడు. నదిలోంచి ఊరికి నీళ్లు తోడే పెద్ద బావి అది. నీళ్లు లోపలికి వచ్చే దారికి అడ్డంగా ఇనప జాలీ ఉంటుంది. దానికి పట్టిన నాచునూ చెత్తనూ డైవర్లు దిగి గీకాలి. వాళ్ల కోసం పంపును అరగంట ఆపుతారు. అరగంట కాగానే మళ్లీ వేస్తారు. ఆలోపు పైకి రాని మనిషిని ఆ పంపు లాగి జాలీకి అదిమేస్తుంది. తమ్ముడు పైకి రాలేదు. టైము చూసుకోకుండా అడుగునే ఉండిపోయాడనీ, తన చావుకు తనే కారణమనీ ఇన్స్పెక్టర్ నాలుగు ముక్కలు రాసి ఫైలు కట్టేశాడు.

తల్లిలేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది తను. ఇంట్లో ఎవరు ఆలస్యంగా వచ్చినా గొడవపెట్టేవాడు వాడు. అలాంటివాడు టైము చూసుకోలేదంటే ఆమె నమ్మలేదు. వాడి మీద పడ్డ ఆ మచ్చ తుడిచేయాలి. వాణ్ణి చంపినవాడెవడో తేల్చి, నలుగురిలో నిలబెట్టి, బతికున్నన్నాళ్లూ ఏడిపించాలి. నెల్లాళ్లుగా ఆమె తింటున్నదీ తాగుతున్నదీ ఆ పగనే.

ఆ రోజు తమ్ముడికి జతగా నీళ్లలో దిగింది తనేనని పోలీసులకు చెప్పినవాడు ఇదిగో, ఈ కెప్టెన్. డైవింగ్ కంపెనీ యజమాని. ఏ ఓడకూ కెప్టెన్ కాదు గానీ ఆ పిలుపు ఆయనకు ప్రాణం. గది నిండా గాజు బీరువాలు, బీరువాల నిండా డైవింగ్ వాచీలు. అన్నీ లక్షల ఖరీదువి.

"నా తమ్ముడికి మీరిచ్చిన వాచీ ఇదే కదండీ?" జలగ సంచిలోంచి ఒక వాచీ తీసి బల్ల మీద పెట్టింది. బట్టలతో పాటు పోలీసులు ఇంటికి పంపించిన వాచీ అది.

"అదేనమ్మా. పదేళ్లు నమ్మకంగా చేశాడని నా చేతులతో నేనే తొడిగాను. సొంత తమ్ముడి కన్నా ఎక్కువ."

"మరి మీ దగ్గరున్న వాటిలో దీనికన్నా మంచిది ఉందా?"

కెప్టెన్ మొహం విప్పారింది. ఆమె కోరుకున్నదీ అదే. వాచీల గురించి కదిపితే ఈ మనిషి పూనకం వచ్చినట్టు మాట్లాడతాడని ఆమెకు ముందే తెలుసు. మాట్లాడేవాడు ఎక్కడో ఒకచోట పప్పులో కాలేస్తాడు. బీరువా తాళం తీసి రెండు వాచీలు తెచ్చి తమ్ముడి వాచీ పక్కన పేర్చాడు.

"ఇది చూడండి. పన్నెండు వందల మీటర్ల లోతుకి వెళ్లినా చుక్క నీరు దూరదు!"

"ఆ బావి లోతెంత?"

"బావా? రెండంతస్తుల మేడంత ఉంటుంది."

"పన్నెండు వందల మీటర్లు దిగితే వాచీ బాగానే ఉంటుంది లెండి. మనిషే పచ్చడవుతాడు. ఎవరికోసం పనిచేస్తుందది అక్కడ, చేపలకా?"

ఆయన నవ్వాలో వద్దో తెలియక గొంతు సవరించుకుని రెండో వాచీ ఎత్తాడు. "దీని పక్కన చిన్న బుడిపె ఉంది చూశారూ? హీలియం వాల్వు. లోపల చేరిన హీలియం దీనిలోంచి బయటికి పోతుంది. అది లేకపోతే పైకొచ్చేటప్పుడు అద్దం ఎగిరిపోతుంది. ఇది లేని వాచీని అసలు డైవింగ్ వాచీ అనకూడదు."

"సముద్రం అడుగున రోజుల తరబడి గదుల్లో ఉంటూ హీలియం కలిపిన గాలి పీల్చేవాళ్లకి అది కావాలి. మీ డైవర్లు వీపున మామూలు గాలి సిలిండరు కట్టుకుని అరగంట దిగి వస్తారు. మీ ఆఫీసులో హీలియం ఎక్కడుందండీ, పుట్టినరోజు బుడగల్లో తప్ప?"

"మీరు బాగా చదువుకున్నారే!" అన్నాడు కెప్టెన్, కాస్త గాలి పోయిన గొంతుతో.

"తమ్ముడు పోతే చదువు అదే వస్తుంది. నేను కనుక్కున్నది చెప్పనా? కీ బుడిపెకి మర ఉండి గట్టిగా బిగుసుకోవాలి, నీళ్లు దూరకుండా. అది పనికొచ్చేదే. చీకట్లో ముళ్లు మెరవాలి. బురద నీళ్లలో అది లేకపోతే గుడ్డివాడే. గొలుసు రబ్బరు సూటు మీద పట్టాలి. ఇక ఈ లక్షలన్నీ పక్కనపెడితే, ప్రాణం నిలబెట్టేది ఇదొక్కటే." ఆమె తమ్ముడి వాచీ అద్దం చుట్టూ ఉన్న నల్లటి పళ్ల రింగు మీద గోటితో తట్టింది. రింగు మీద మెరిసే త్రిభుజం ఒకటి ఉంది. "పంపు ఆగిన క్షణాన నిమిషాల ముల్లు ఎక్కడుంటే ఈ త్రిభుజాన్ని అక్కడికి తిప్పుతారు. ముల్లు దీన్ని దాటి ఎంత దూరం పోతే అంత టైము అయిపోయినట్టు. అవునా?"

"అవును. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"మీ కంపెనీలో ఎవరి రింగు వాళ్లు తిప్పుకోరట కదా?"

"తిప్పుకోరు. లావుపాటి తొడుగులు వేసుకున్నాక రింగు తిప్పలేరు, తొందరలో ఎవరిది వాళ్లు మరిచిపోతారు. అందుకని జతగాడే తొడుగు వేసుకోకముందు తిప్పి పెడతాడు. ఇతను అతనికి, అతను ఇతనికి. మా నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. పెట్టాక మళ్లీ తొంగి చూసుకోకూడదు. చూసుకుంటే జతగాణ్ణి అనుమానించినట్టే. అలా చూసుకున్నందుకు మాట్లాడుకోవడం మానేసినవాళ్లున్నారు."

"ఆ రోజు పంపు సరిగ్గా పది గంటలకి ఆగింది. కంట్రోల్ రూమువాళ్లు చెప్పారు. అంటే త్రిభుజం పన్నెండు అంకె దగ్గరుండాలి. ఈ వాచీని నేను ముట్టుకోలేదు, తిప్పలేదు. చూడండి, త్రిభుజం ఎక్కడుందో."

కెప్టెన్ చూశాడు. త్రిభుజం రెండు అంకె దగ్గరుంది.

"పది నిమిషాలు ముందుకి. పదిన్నరకి పంపు వేస్తే, ఇంకా పది నిమిషాలుందని వాడు అక్కడే గీకుతూ ఉండిపోయాడు. టైము చూసుకోక కాదు, చూసుకున్నందుకే చచ్చిపోయాడు. వాడి జతగాడు మీరు. ఇప్పుడు చెప్పండి."

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అయినా మాట తడబడలేదు. "అయ్యో, దానికేముందమ్మా! పనిచేసేటప్పుడు చెయ్యి జాలీకి కొట్టుకుని ఉంటుంది. ఆ దెబ్బకి రింగు జరిగిపోయింది. మాలో అలా జరుగుతుంటుంది."

జలగకు ఒళ్లంతా పులకరించింది. నెల్లాళ్లుగా ఎదురుచూసిన మాట అది. "అయితే జరిపి చూపించండి," అంటూ రింగును వేళ్లతో తిప్పి, త్రిభుజాన్ని పన్నెండు దగ్గరికి తెచ్చి, వాచీని ఆయన చేతిలో పెట్టింది. "ఇక్కణ్ణించి రెండు దగ్గరికి జరపండి. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా."

కెప్టెన్ జరపబోయాడు. రింగు కదల్లేదు. బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కాడు. ఊహూఁ.

"అది ఒకవైపే తిరుగుతుంది," అంది ఆమె. "ముల్లు నడిచే వైపుకి ఎదురు. కావాలనే అలా చేస్తారు. దెబ్బ తగిలి జరిగినా అయిపోయిన టైము ఎక్కువ చూపించాలి గానీ తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే డైవర్ ముందే పైకొచ్చేస్తాడు, బతుకుతాడు. పన్నెండు నుంచి రెండుకి రావాలంటే దాదాపు చుట్టంతా తిప్పుకుంటూ రావాలి. జాలీ వచ్చి వేళ్లతో తిప్పిందా?"

ఇప్పుడు ఈ మనిషి కాళ్ల మీద పడాలి. కాకపోతే తోక తొక్కిన పాములా లేవాలి. రెండింట్లో ఏదైనా ఆమెకు ఇష్టమే. కానీ కెప్టెన్ ఆ రెండూ చేయలేదు. నోరు తెరుచుకుని వాచీని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, కొత్త బొమ్మ దొరికిన పసివాడిలా.

"మరి... పోయినేడు మీ తమ్ముడే కదమ్మా అలా జరిగిందని చెప్పింది?" అన్నాడు అయోమయంగా. "మీ మరదలి అన్న పోయినప్పుడు. దెబ్బ తగిలి రింగు జరిగిందన్నాడు. నేను అదే నమ్మాను."

మరదలి అన్న కూడా డైవరే. అదే బావిలో, అదే జాలీకి అతుక్కుని పోయాడు. ఒక్క ఏడాదిలో అన్న, మొగుడు ఇద్దరూ పోయారు ఆ పిల్లకి. జలగ లెక్క ప్రకారం ఆ చావు కూడా ఈయన ఖాతాలోదే. "చచ్చిపోయినవాడి మీదికి నెట్టకు!" అని ఆమె బల్ల గుద్దింది. వాచీలు ఎగిరిపడ్డాయి. గౌరవం ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

"మేడమ్ గారు ఇక్కడ కూడా బల్లలు విరగ్గొడుతున్నారా?"

గుమ్మంలో ఇన్స్పెక్టర్. ఒకప్పుడు ఆమె చేతికింద పనిచేసినవాడు. ఎవరేం చెప్పినా కింద సంతకం గీకేస్తాడని ఆమె అతనికి రబ్బరు స్టాంపని పేరు పెట్టింది. ఆమెకు జలగ అని పేరు పెట్టింది అతను. ఆ విషయంలో ఇద్దరూ సమానమే.

"ఫోన్ చేసి పిలిపించుకున్నావా?" అని ఆమె కెప్టెన్ని అడిగింది.

"మీరొస్తున్నారని తెలిస్తే ఎవరైనా పోలీసుల్ని పిలుస్తారు మేడమ్," అన్నాడు ఇన్స్పెక్టర్ కుర్చీ లాక్కుంటూ. "మూసేసిన ఫైలు. పోయినవాడు మీ తమ్ముడు. మీ కడుపు మంట నాకు తెలుసు. కానీ మంటతో కేసు నడవదు."

"నువ్వు మంట లేకుండానే నడిపావుగా, ఎక్కడిదాకా వచ్చింది? ఈ వాచీని ఒక్కసారైనా చూశావా?"

"చూశాను. ఖరీదైనదని జాగ్రత్తగా సంచిలో పెట్టించి మీ ఇంటికి పంపించాను."

"ధర చూశావు. టైము చూడలేదు." ఆమె రెండు ముక్కల్లో రింగు సంగతి చెప్పింది. అతను విన్నాడు. పాత అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశాడు కూడా. చెప్పిందంతా అయ్యాక మీసం దువ్వుకున్నాడు.

"మీ తమ్ముడే తప్పుగా తిప్పుకుని ఉండొచ్చు."

"జతగాడు తిప్పాలి. అది వీళ్ల పద్ధతి, ఈయన నోటితోనే చెప్పాడు."

"అయితే కెప్టెన్ని తీసుకుపొమ్మంటారా? ఊఁ అనండి, జీపు కిందే ఉంది. సాక్షి కూడా సిద్ధంగా ఉంది. కెప్టెన్ గారూ మీ తమ్ముడూ కలిసి దిగారనీ, కెప్టెన్ గారు ముందు పైకొచ్చారనీ, తను గట్టు మీద తాడు పట్టుకుని ఉన్నాననీ రాసిచ్చింది మీ మరదలే."

ఊఁ అనడానికి ఆమె నోరు తెరిచింది. కెప్టెన్ వైపు చూసింది. ఆయన ఇంకా ఆ రింగునే తిప్పుతున్నాడు. కటకట కటకట. ఒకవైపు తిరుగుతోంది, రెండోవైపు ఆగిపోతోంది. ఈ మనిషికి నిజంగానే తెలియదు. ఇన్ని వాచీలున్నవాడికి, రోజూ నీళ్లలో దిగుతానని చెప్పుకునేవాడికి, చిన్నపిల్లలకి కూడా తెలుసన్న ఆ రింగు ఒకవైపే తిరుగుతుందని తెలియదు.

"ఆ రెండోది మీ చేతికి పెట్టుకోండి," అంది. గొంతు మారిపోయింది. "రబ్బరు సూటు వేసుకున్నారనుకోండి. చెయ్యి లావవుతుంది. గొలుసు చాలదు. పొడిగించండి."

"ఎలా? దుకాణానికి తీసుకెళ్లి రెండు లంకెలు వేయించాలి."

జలగ వాచీ తీసుకుని, కొక్కెం మూత ఎత్తి, లోపల మడిచి ఉన్న ముక్కను బయటికి లాగింది. గొలుసు రెండు వేళ్ల వెడల్పు పొడుగయ్యింది. ఆ ముక్క మీద దుకాణంవాడు అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది.

"నువ్వు నీళ్లలో దిగలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ దిగలేదు."

కెప్టెన్ కుర్చీలో కుంగిపోయాడు. "మా నాన్న పెట్టిన కంపెనీ అమ్మా ఇది," అన్నాడు చాలా చిన్న గొంతుతో. "నాకు ఈత కూడా రాదు."

ఇన్స్పెక్టర్ పకపకా నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"మరి దిగిందెవరు?"

"అడక్కండి. లైసెన్సు లేని మనిషిని దింపాను. తెలిస్తే కంపెనీకి తాళం పడుతుంది. అందుకే నా పేరు చెప్పాను. అంతకు మించి నాకు పాపం తెలియదు, నా పిల్లల మీద ఒట్టు."

"మేడమ్," అన్నాడు ఇన్స్పెక్టర్, ఈసారి వెక్కిరింపు లేకుండా, "మరి మీ మరదలు ఎందుకు అబద్ధం రాసిచ్చింది?"

"ఇతను బెదిరించి ఉంటాడు. నోట్లో నాలుక లేని పిల్ల." ఆమె వాచీ సంచిలో వేసుకుని లేచింది. "ఆ రెండో డైవర్ సూటు, వాచీ పంప్‌హౌస్‌లోనే ఉంటాయి. నువ్వు ఆ గది తలుపు తెరిచి ఉండవు."

"ప్రమాదం కదా అని..."

"తెలుసు. పద."

దారిలో జీపు ఊగుతుంటే ఆమె ఆ రెండోవాడి మొహాన్ని ఊహించుకుంటూ కూర్చుంది. ఎవడో లైసెన్సు లేని బడుద్ధాయి. చనిపోయేవాడు తనను నమ్మి చెయ్యి చాపితే, ఆ చేతి మీద చావు ముహూర్తం పెట్టి పంపించినవాడు. వాణ్ణి ఆ బావి గట్టు మీద నిలబెట్టి పంపు వేయించాలి. దాని చప్పుడు వింటూ వాడు అన్నీ చెప్పాలి. అప్పుడు కూడా తను జాలిపడకూడదు. ఈ ఆలోచనకు ఆమె సిగ్గుపడలేదు.

పంప్‌హౌస్‌లో సామాను గది తాళం మరదలి దగ్గరే ఉంటుంది. సిలిండర్లలో గాలి నింపడం, సూట్లు కడిగి ఆరేయడం, తాడు పట్టుకోవడం, అదీ ఆమె ఉద్యోగం. వదినను చూసి, వెనకాల ఇన్స్పెక్టర్ని చూసి, ఏమీ అడక్కుండా తాళం తీసింది. నెల్లాళ్లలో ఆ పిల్ల సగమైపోయింది.

"నువ్విక్కడే ఉండు," అని జలగ ఇన్స్పెక్టర్ని గుమ్మం దగ్గరే ఆపింది. అతను భుజాలెగరేసి గట్టు వైపు నడిచాడు.

లోపల రబ్బరు వాసన, తడి వాసన. తమ్ముడు పోయిన రోజు నుంచీ బావిలో పని ఆపేశారు కాబట్టి ఎక్కడివక్కడే ఉన్నాయి. గోడకి రెండే మేకులకి నల్ల సూట్లున్నాయి. ఒకటి తమ్ముడిది. ముందువైపు భుజం నుంచి నడుము దాకా జాలీ గడుల అచ్చు పడి చిరిగిపోయింది. జలగ దాన్ని తాకలేదు. తాకితే ఇక పని సాగదని ఆమెకు తెలుసు. రెండోది తీసి తన ఒంటికి ఆనించుకుంది. భుజాలు సన్నంగా ఉన్నాయి. కెప్టెన్ అందులో ఒక కాలు కూడా పెట్టలేడు.

సూటు పక్కన చిన్న మేకుకు ఒక వాచీ వేలాడుతోంది. మార్కెట్లో ఎక్కడైనా దొరికే చవక వాచీ. హీలియం వాల్వు లేదు, పన్నెండు వందల మీటర్లు లేవు, రబ్బరు బెల్టు. కానీ అద్దం చుట్టూ అదే పళ్ల రింగు, అదే మెరిసే త్రిభుజం. ఆమె తమ్ముడి వాచీని సంచిలోంచి తీసి పక్కన పెట్టబోయింది. దాని త్రిభుజం కెప్టెన్ తిప్పితే ఎటో పోయింది. ఫరవాలేదు. ఆమె దాన్ని ఫోటోలు తీసి ఉంచింది, రెండు దగ్గర. ఈ చవక వాచీలో త్రిభుజం సరిగ్గా పన్నెండు దగ్గరే ఉంది.

ఒకే రోజు, ఒకే బావి, ఒకే పంపు. తమ్ముడు జతగాడికి రింగు సరిగ్గానే పెట్టాడు. జతగాడు తమ్ముడికి తప్పు పెట్టాడు. ఇంతకన్నా రుజువేం కావాలి? రక్తం తలకెక్కింది. ఇక ఆ బడుద్ధాయి ఎవడో తేలాలి. ఆమె వాచీని తిప్పి బెల్టు చూసింది. బెల్టుకు బోలెడు చిల్లులున్నాయి. వాటిలో అన్నిటికన్నా బిగుతుగా పట్టేదొక్కటే సాగి, అరిగి, నోరు తెరుచుకుని ఉంది. ఆమె తన చేతికి పెట్టుకుని చూసింది. ఆ చిల్లు దాకా రాలేదు. తనది ఆడమనిషి చెయ్యే. దీన్ని రబ్బరు సూటు మీద పెట్టుకున్నవాళ్లది తనకన్నా సన్నటి చెయ్యి.

ఆమె తలెత్తింది. మరదలు తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. తాళంచెవి పట్టుకున్న ఆ సన్నటి చేతినీ, తన చేతిలోని బెల్టునూ జలగ మార్చి మార్చి చూసింది.

"లైసెన్సు లేని మనిషివి నువ్వేనా?"

"అన్న పోయాక రెండో డైవర్ లేడు వదినా. కొత్తవాణ్ణి పెడితే ఖర్చని కెప్టెన్ నన్ను దింపాడు. నాకు పని వచ్చు. అన్న నేర్పించాడు."

"కంగారులో... కంగారులో తప్పుగా తిప్పావు కదూ?" అలా అడుగుతున్నది తనేనా అని జలగకే ఆశ్చర్యమేసింది. నెల్లాళ్లు వేటాడి, దొరికిన మనిషికి తనే దారి చూపిస్తోంది. "చెప్పు అమ్మాయ్. కంగారులోనే కదూ?"

మరదలు తలుపు దగ్గరికి వేసింది. ఏడవలేదు.

"రింగు ఒకవైపే తిరుగుతుందని మీకు తెలుసుగా? పన్నెండు మీద ఆపకుండా, రెండు దాకా తిప్పుకుంటూ పోయాను. ప్రతి చప్పుడూ విన్నాను. కంగారేం లేదు."

"వాడు నీకేం చేశాడే!"

"మా అన్నకి చేశాడు. పోయినేడు అన్నకి రింగు పెట్టింది ఈయనే. ఇదే పది నిమిషాలు. దెబ్బ తగిలి జరిగిందన్నాడు. కెప్టెన్ నమ్మాడు, మీ పోలీసులు నమ్మారు. అన్న దగ్గర పని నేర్చుకున్నదాన్ని, నేను నమ్ముతానా? అయినా మొగుడు కదా అని నమ్మినట్టు ఉన్నాను. ఏడాది తిరక్కముందే ఒకరోజు తనే చెప్పేశాడు. ఇద్దరికీ ఎప్పటి నుంచో పడేది కాదుట. పెద్ద డైవర్ అన్న, ఆ తర్వాతే తను. అన్న ఉన్నన్నాళ్లూ తనకి ఆ పోస్టు రాదుట. చెప్పి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు వదినా. ఏడిస్తే అయిపోతుందనుకున్నాడు. నేను కళ్లు తుడిచి భోజనం పెట్టాను."

జలగ వినను అన్నట్టు తల అడ్డంగా ఊపింది. కానీ వినేసింది. పొద్దున కెప్టెన్ అయోమయంగా అన్న మాటను తను బల్ల గుద్ది నోరు మూయించింది. ఈతరాని కెప్టెన్‌కి ఆ రింగు సంగతి తెలియకపోవచ్చు. పదేళ్లు డైవింగ్ చేసిన తమ్ముడికి తెలియకుండా ఎలా ఉంటుంది? దెబ్బ తగిలి జరిగిందని వాడు చెప్పాడంటే, తెలిసే అబద్ధం చెప్పాడు. తను చంకనేసుకుని పెంచిన పిల్లాడు.

"ఒక్క అవకాశం ఇచ్చాను ఆయనకి," అంది మరదలు. "పెట్టాక, ఒకసారి చూసుకో అన్నాను. నువ్వు పెట్టాక ఇంక చూసేదేంటే అని నవ్వాడు. తొడుగు వేసేసుకున్నాడు. ఆ నవ్వు చూసి నేను ఆగిపోతానేమోనని భయపడ్డాను. మా అన్న కూడా అలాగే నవ్వి ఉంటాడని అనుకున్నాను. అంతే, దిగిపోయాం."

జలగ చెయ్యి పైకి లేచింది. కొడదామనో, గొంతు పట్టుకుందామనో ఆమెకే తెలియదు. మరదలు వెనక్కి తగ్గలేదు.

"కొట్టండి. మీ తమ్ముడి కోసం మీరు నెల్లాళ్లు తిండి మానేశారు. మా అన్న కోసం నేను ఏడాది తిన్నాను, ఆయన పక్కనే కూర్చుని, ఆయన వండమన్నది వండుకుని. ఎవరిది పెద్ద పగో మీరే చెప్పండి. నన్ను పట్టిస్తే పట్టించండి, నేను పారిపోను. కానీ మా అన్నని చంపినవాడి ఫొటోకి మాత్రం మీ ఇంట్లో దండ వేసి ఉంది. అన్నది నిర్లక్ష్యం అని ఫైల్లో రాసి ఉంది. దానికేం చేస్తారు?"

జలగ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం కూడా ఆమె పిలిస్తే పలకలేదు. ఫైలు మూసి ఉన్నంతకాలం తమ్ముడు మంచివాడే. తన చావుకు తనే కారణమన్న మచ్చ ఒక్కటే వాడి మీద. ఆ మచ్చ తుడవడానికే కదా నెల్లాళ్లు తిరిగింది. ఇప్పుడు అది తుడిస్తే కింద ఏముందో చూసేసింది. నోరు మూసుకుంటే ఈ పిల్ల బయటపడుతుంది, తమ్ముడు బయటపడతాడు, ఇన్స్పెక్టర్ రాసిన నాలుగు ముక్కలు అలాగే ఉంటాయి. బావిలో పోయిన ఆ పిల్ల అన్న ఒక్కడే బయటపడడు.

తలుపు మీద ఎవరో తట్టారు.

"మేడమ్, ఏమైనా దొరికిందా?" ఇన్స్పెక్టర్ తల లోపలికి పెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ల మొహాలూ చూసి, వెక్కిరించడానికి తెచ్చుకున్న మాట మింగేశాడు. "ఏంటి? ఎవరో తెలిసిందా?"

మరదలు వదిన వైపు చూసింది.

"పెన్ను తియ్యి," అంది జలగ.

"మీ తమ్ముడి జతగాడి పేరా?"

"ఒకటి కాదు, రెండు కేసులు తెరవాలి. రెండోదాని గురించి ఈ అమ్మాయి తనే చెబుతుంది, సాయంత్రం లాయర్ని పక్కన పెట్టుకుని. ఈ పిల్ల మీద చెయ్యి వేశావో, నీ సంగతి నేను చూస్తాను. మొదటిది పోయినేడు ఇదే బావిలో జరిగిన హత్య. అది నువ్వు ప్రమాదమని మూసేశావు. దానికి ఫిర్యాదు నాది, సాక్ష్యం నాది. రాసుకో."

"ముద్దాయి ఎవరు మేడమ్?"

ఆమె స్టేషన్లో పాతికేళ్లు చెప్పినట్టే, ముక్కకి ముక్క స్పష్టంగా చెప్పింది.

"నా తమ్ముడు."